థంబ్‌నెయిల్స్ నొక్కొద్దు

(2005. సీతమ్మధారలో ఇంటి కంప్యూటరు ముందు దీవెనమ్మ, చెవి దగ్గర సెల్‌ఫోను. అవతల మధురవాడ కాలేజీ వరండాలో కూతురు కేథరిన్.)

“...నీ ప్రాజెక్టు ఫోల్డరు తెరిచాను కేథీ. అన్నీ చీమల్లా ఉన్నాయే.”

“అందులో ఫైనల్ అని ఉంటుంది చూడమ్మా. తొందరగా.”

“ఉంది. ఫైనల్. దాని కింద ఫైనల్ న్యూ. ఫైనల్ ఫైనల్. ఇంకా కిందకి ఉన్నాయి. ఏదే నీది?”

“అన్నీ నావే. ఆఖర్న చేసింది కావాలి. పేరు గుర్తులేదు.”

“మొత్తం పెన్‌డ్రైవులో వేసీనా? ఆటో ఎక్కి తెచ్చిచ్చేస్తాను.”

“అన్నీ అందులో పట్టవమ్మా. పైన వ్యూ అని ఉంటుంది, నొక్కు. అందులో డీటైల్స్ నొక్కు. డీటైల్సే. ఇంకేదీ నొక్కకు.”

“కసురుతావేటే? ఫ్లాపీని నమ్ముకుని వెళ్ళింది నువ్వు.”

“ఫ్లాపీ ఓపెనవ్వలేదు, ఇప్పుడా మాటెందుకు? నా పేరు పిలిచేలోపు చూపించకపోతే ఫెయిలే. డీటైల్స్ వచ్చిందా?”

“వచ్చింది. పక్కన తారీకులు పడ్డాయి.”

“తారీకుల పైన డేట్ మాడిఫైడ్ అని ఉంటుంది. ఒకసారి నొక్కు. ఆగు... ఇప్పుడింకోసారి. కొత్తవి పైకొస్తాయి.”

“వచ్చాయి. కానీ పైన ఫైనల్ లేదే. డి, ఎస్, సి... తర్వాత అంకెలు. వరసగా అన్నీ అలాటివే. అన్నీ పదమూడో తారీకువి.”

“అవి వదిలెయ్. కిందకి రా.”

“ఏటవి?”

“ప్రాజెక్టువే. బొమ్మలు. కిందకి రామ్మా!”

“అదెవరే నీ పక్కన? మగ గొంతు.”

“క్లాసువాళ్ళు.”

“ఆ యారాడ కుర్రాడా? వీరేంద్రేనా?”

“అమ్మా, ఇప్పుడా?”

“ఇప్పుడే. ఈ ఆదివారం జ్ఞానదాసు పాస్టరుగారు సంబంధంవాళ్ళని వెంటబెట్టుకొస్తన్నారు. దీవెనమ్మ కూతురు చేపల వేటకెళ్ళేవాళ్ళింట్లో పడిందని సంఘంలో అందరూ నవ్వితే నాను తలెత్తుకోగలనా? అమ్మాయి మనసు మార్చుకుంది, ఇంక ఆ పేరెత్తొద్దని మీ డాడీ అంటేనే ఊరుకున్నాను.”

“డాడీ చెప్పారుగా. మరింకేటి?”

“నీ నోటితో చెప్పు.”

“సాయంత్రం చెప్తాను. ఫైనల్ కనిపించిందా?”

“కళ్ళు జిగేల్మంటన్నాయి, ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కేస్తన్నాయి. మొన్న స్త్రీల సమాజం ఫొటోలప్పుడు పెద్దపెద్ద బొమ్మలు చేసి చూపించావు కదా. అదైతే నాకొచ్చు.”

“అది వద్దు.”

“అవి బొమ్మలేనంటన్నావు కదా. అవేవో తెలిసిపోతే పక్కకి పెట్టి ఫైనల్ వెతుకుతాను. థం... థంబ్‌నెయిల్స్. ఇదే కదూ?”

“నొక్కకమ్మా! అలా మారిస్తే ఫైళ్ళు పాడైపోతాయి.”

“మొన్న పాడవలేదే?”

“ఇవి వేరు. అమ్మా, నా మాట విను. పక్కింటి సూర్యకళ ఆంటీని పిలు. ఆవిడ చూస్తుంది.”

“నాకు నేర్పింది నువ్వే, నాకు రాదంటంది నువ్వే. పరాయివాళ్ళకి చూపించొచ్చు గానీ నాకు చూపించకూడనిది ఏటే అందులో?”

“ఏం లేదు. ఏం లేదమ్మా. వదిలెయ్, ప్రాజెక్టూ వద్దు, ఏమీ వద్దు. కంప్యూటరు ఆపేసెయ్. ఫెయిలైతే అయ్యాను.”

“ఇందాకట్నించీ ప్రాణం తోడేసి, ఇప్పుడు వద్దా?”

“అమ్మా, ప్లీజ్.”

“నొక్కీసేను. మెల్లిగా పడతన్నాయి. ఒక్కొక్కటే.”

“అమ్మా...”

“ఏదో ఆఫీసు. బల్ల. ఎర్రచీర. అది నాదే, నా బీరువాలోదే.”

“నా ఫ్రెండ్ పెళ్ళమ్మా. రిజిస్టరాఫీసులో. తోడెళ్ళాను.”

“ఫ్రెండు పెళ్ళికి దండ నీ మెళ్ళో వేశారా? పక్కన వాడు. ఆ వీరేంద్ర. నవ్వుతన్నాడు. నువ్వూ నవ్వుతన్నావు.”

“చెప్దామనే అనుకున్నామమ్మా. ఆదివారంలోగా చెప్పేద్దామనుకున్నాం. ప్రాజెక్టు ఫోల్డరు నువ్వు తెరవవు కదాని అందులో పెట్టాను. పేర్లే కనబడేలా పెడితే ఎవరికీ తెలీదనుకున్నాను.”

“పదమూడో తారీకు. రికార్డు రాసుకోవాలని పొద్దున్నే వెళ్ళిపోయావు. నీ ప్రాజెక్టు బాగా జరగాలని ఆ రోజంతా ఉపవాసముండి మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను నాను.”

“ఏడవకమ్మా. నేనిప్పుడే బయల్దేరి వచ్చేస్తాను. అమ్మా, ఇంకేమీ చూడకు. అది మూసెయ్.”

“కిందకి ఇంకా ఉన్నాయి.”

“మూసెయ్యమ్మా! డాడీకి మాత్రం ఫోన్ చెయ్యకు. ప్లాంటులో డ్యూటీలో ఉంటారు, అసలే బీపీ. నేనే వచ్చి నెమ్మదిగా చెప్పుకుంటాను డాడీకి.”

“ఆయనకి నువ్వు కొత్తగా చెప్పేదేటే? బల్ల మీదకి వంగి సాక్షి సంతకం పెడతంది మీ డాడీయే.”