నూనె గీత

అప్పుడే ఆపిన కొత్త గడ్డికోత మిషన్ పొగ సామాన్ల గది నిండా కమ్ముకుంది. ఆసుపత్రి తోటలో పనిచేసే అన్నాచెల్లెళ్ళిద్దరూ దాని ముందు కూర్చున్నారు.

“అన్నయ్యా, పెట్రోల్లో నూనె ఎంత కలిపావు?”

“కొలత కప్పులో గీత దాకా.”

“ఏ గీత? రెండున్నాయి.”

“లీటరుకి ఏది పొయ్యాలో అదే.”

“అది కింది గీత. నువ్వు పై గీత కూడా దాటించావు. అందుకే ఇంత పొగ.”

“పాత మిషన్‌కి ఇరవయ్యేళ్ళు కలిపిన చెయ్యి. కొత్తదానికి ఇంకా అలవాటు పడలేదు.”

“తప్పు చేతి మీదికి నెట్టకు. ఇదిగో, ఈ కప్పు మీద అంకె చదువు.”

“వెలుతురు చాలట్లేదమ్మా.”

“కిటికీ పక్కనే కూర్చున్నావు.”

“సూపర్‌వైజరుకి చెప్పకు. తెలిస్తే రేపట్నుంచి రావద్దంటాడు.”

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“చలికాలం ముందు నుంచి. దగ్గరివి బొత్తిగా కంటికి ఆనట్లేదు. దూరానివి మసగ్గా రంగులు తెలుస్తాయి, అంతే.”

“మరి మొన్న నేను ఆకులు ఊడుస్తుంటే, నా కాళ్ళ పక్క నుంచే బ్లేడు తిప్పుకుంటూ పోయావే. ఏం చూసుకుని?”

“నీ పసుపు కోటు చూసుకుని. ఆ రంగుకి పదడుగులు ఎడంగానే కోశాను. నీకు దెబ్బ తగలనిస్తానా?”

ఆమె కప్పు కింద పెట్టింది.

“మొన్న ఎండకి తాళలేక ఆ కోటు విప్పి కంచె మీద వేశాను, అన్నయ్యా.”