గడియ లేని తలుపు

ఆ గడియారానికి ఇంకెన్ని ఫోటోలు తీస్తావమ్మాయ్, మెడ పట్టేస్తుంది, దించు. అది ఎక్కడికీ పోదు. నేను పుట్టకముందు నుంచీ అక్కడే వేలాడుతోంది, నేను పోయాకా వేలాడుతుంది. బాగుంది, కాదనను. ఎవరో రాణిగారి కాలంలో కట్టిన స్టేషనట, చెక్కు చెదరకుండా కాపాడారట, బయట పలక మీద రాశారుగా. ఆ ఇనప స్తంభాల మీద పోతపోసిన ఆకులూ తీగలూ ఉన్నాయని నాకు ఇవాళే తెలిసింది. మా రోజుల్లో అన్నిటికీ ఒకటే రంగు, బొగ్గు మసి. ఇదిగో, ఎండ ఈ రంగు అద్దాల్లోంచి వచ్చి నేల మీద ఎర్రగా నీలంగా పడుతోందే, ఇంత సోకు ఈ గోడలకి ఉందని ఎవరనుకున్నారు. సరే, ఇవన్నీ తర్వాత తీసుకుందువుగాని. నువ్వు తియ్యాల్సిన ఫోటో ఒకటుంది, లోపల. అందుకే ఈ మోకాళ్ళేసుకుని ఇంత దూరం వచ్చాను. నా చెయ్యి పట్టుకో, మెల్లిగా నడుద్దాం. ఆ కర్ర నాకిచ్చెయ్, అది లేకపోతే నేను మాట్లాడలేను.

మా అక్క ఇక్కడ పనిచేసేది. ఊహూ, టికెట్లు కాదు. ఆడవాళ్ళ వెయిటింగ్ రూం లేదూ, దానికి కాపలా. మా బావ పాయింట్స్‌మన్, పట్టాలు మార్చేవాడు. ఒకరోజు రెండు రైలుపెట్టెల మధ్య నలిగి చచ్చిపోయాడు. పెద్ద ఆఫీసరు జాలిపడి అక్కకి ఈ పని ఇప్పించాడు. జాలి అంటే ఏముందిలే, ఒక స్టూలు, ఒక చీపురు, ఒక బకెట్టు. నన్ను కూడా తనతో తెచ్చి పెట్టుకుంది, గూడ్స్ షెడ్డు వెనక ఒంటి గది క్వార్టర్సులో. రైలు వెళ్తే గోడకున్న గిన్నెలు వాటంతటవే కిందికి దిగేవి. అక్క పేరు ఎవరికీ తెలీదు, అందరికీ తలుపక్కే. ఎందుకంటే ఆ స్టూలు ఎప్పుడూ తలుపు పక్కనే వేసుకుని కూర్చునేది. లోపల మంచి కుర్చీ ఉండేది, పడక కుర్చీ. దాంట్లో కూర్చోవే అక్కా అంటే, "కూర్చుంటే లేవడానికి టైం పడుతుందే" అనేది. నాకు అర్థమయ్యేది కాదు. ఎవరికోసం లేవాలి అంత గబగబా అని.

ఎవరికోసమంటే... వెయిటింగ్ రూంకి వచ్చే ఆడవాళ్ళలో రైలుకోసం వచ్చేవాళ్ళు సగమే తల్లీ. మిగతా సగం ఇంట్లోంచి వచ్చేవాళ్ళు. చేతిలో టికెట్ ఉండదు, కాళ్ళకి చెప్పులు ఉండవు. అక్క ఏమీ అడిగేది కాదు. మొహం కడుక్కోమ్మా అని బకెట్టు చూపించేది. మళ్ళీ వెనకాలే మొగుడుగారు వస్తారుగా, మీసం తడుముకుంటూ. "నా పెళ్ళాం లోపలుంది." "ఉండచ్చండీ." "పంపించు." "ఇది ఆడవాళ్ళ గదండీ, బోర్డు చూశారా." "చూశాను, తప్పుకో." "అయితే మీరు ఆడవారా? అలా కనపడట్లేదే." ప్లాట్‌ఫాం మీద కూలీలందరూ నవ్వేవాళ్ళు, వాడు ఎర్రగా అయిపోయి వెళ్ళి సిగరెట్టు వెలిగించుకునేవాడు. ఎందరు మగాళ్ళు ఆ బోర్డు కింద సిగరెట్లు తగలేశారో. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దదయ్యేది కాదు. అందుకే వాళ్ళకి ఇంకా మండేది.

అన్నిసార్లూ అలా జరగలేదు. ఆ రెండు రెక్కల తలుపుకి అప్పట్లో ఇత్తడి గడియ ఉండేది, బయట నుంచి చేత్తో ఎత్తాలి. ఒకావిడ వచ్చింది, చంకలో పిల్ల, ఇంకో చేతిలో ట్రంకుపెట్టె. వాడు వెనకాలే పరిగెత్తుకొస్తున్నాడు. పిల్లని దించాలా, పెట్టె దించాలా అని ఆ గడియ దగ్గర తడబడింది, అంతే, అందుకున్నాడు జుట్టు. అక్క లోపల నేల తుడుస్తోంది. పరిగెత్తుకొచ్చి, తలుపు మీంచి చెయ్యేసి గడియ ఎత్తి, ఆవిడ కొంగు పట్టుకుంది. వాడు తలుపు రెక్క లాగి కొట్టాడు, అక్క చిటికెన వేలు రెండు రెక్కల మధ్య పడింది. వేలు తర్వాత అతికింది గానీ వంకరగా. ఆవిడని మాత్రం వాడు తీసుకుపోయాడు. ట్రంకుపెట్టె చాలా రోజులు మా మంచం కిందే ఉంది. అక్క దాన్ని తెరవలేదు. ఆడపిల్లని ఎత్తుకున్న మనిషి ఎవరు కనపడ్డా తల తిప్పి చూసేది. ఆవిడ మళ్ళీ రాలేదు.

ఆ వారమే వడ్రంగిని పిలిచి గడియ ఊడదీయించింది. స్టేషన్ మాస్టర్ మీదికి లేచాడు, "ఎవరినడిగి తీయించావ్? గడియ లేకపోతే ఎవడు పడితే వాడు దూరడూ?" "నేనున్నానుగా సార్." "మరి తలుపు దేనికి?" "భుజంతో తోసుకుని రావడానికి. రెండు చేతులూ ఖాళీగా ఉన్న ఆడది ఈ గదికి ఎందుకొస్తుంది సార్?" ఆయన మూలిగి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆ తలుపు ఊగుతూనే ఉండేది. మెడ ఎత్తు తలుపు, పైన ఖాళీ. ప్రతి రైలు గాలికీ ఊగేది. నాకు ఆ కిర్రు వింటేనే నిద్ర పట్టేది.

ఏం చెప్తున్నాను... ఆఁ, ఫోటో. హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళొచ్చారు, స్టాఫంతా ప్లాట్‌ఫాం మీద నిలబడి గ్రూప్ ఫోటో. అక్క అంతకుముందు ఎప్పుడూ ఫోటో దిగలేదు. ముందురోజే చీర ఉతికి, చెంబులో నిప్పులేసి ఇస్త్రీ చేసింది. పొద్దున్నే జుట్టుకి నీళ్ళద్ది దువ్వుకుని, "నవ్వాలా, ఊరికే చూడాలా?" అని నన్నడిగింది. నవ్వితే బాగుంటావే అన్నాను. కుర్చీలేశారు, వరసలు కట్టారు, మంచి వెనకగోడ కావాలని సరిగ్గా ఆ తలుపు ముందే. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో దూరాడు, బయటికొచ్చాడు. "ఆ తలుపు కదులుతోందండీ. కదిలితే బొమ్మ చెడిపోతుంది. ఎవరైనా లోపలుండి పట్టుకోండి." అందరూ అక్క వైపు చూశారు. స్టేషన్ మాస్టరేమో, "గడియ తీయించింది నువ్వేగా" అన్నాడు. నవ్వాడు కూడా. అక్క వరసలోంచి బయటికొచ్చి, చుట్టూ తిరిగి, లోపలికెళ్ళింది. రెండు రెక్కలూ కలిసే చోట పైనుంచి పట్టుకుంది. "తల కనపడుతోంది, వంచమ్మా" అన్నాడు వాడు. వంచింది. ఊపిరి బిగబట్టండి అన్నాడు. నేను ఇటు ప్లాట్‌ఫాం మీదే ఉన్నాను, అంతా చూస్తున్నాను. ఆడవాళ్ళకోసం గడియ తీయించింది, ఆఖరికి తనే గడియ అయింది.

ఫోటో వచ్చాక చూస్తే అందరూ ఉన్నారు, ఆఖరికి ఎవరో పిలవని గుమాస్తా కూడా మూల నుంచి తొంగి చూస్తున్నాడు. మాస్టరు భుజానికీ గార్డు టోపీకీ మధ్యలో, తలుపు మీద నాలుగు వేళ్ళు. చివరిది వంకర. అక్క దాన్ని చాలాసేపు చూసి, "నవ్వాను తెలుసా లోపల" అంది. ఇంకో ఫోటో తీయించుకుందామే అంటే, రిటైరయ్యాక, తీరిగ్గా, అంది. బొగ్గు పొగ ఊపిరితిత్తుల్లో చేరింది, రిటైరు కాకముందే పోయింది. ఇంట్లో చూసుకుందామంటే ఒక్క బొమ్మ లేదు. పార్శిల్ ఆఫీసులో వేలాడుతుండేది ఆ గ్రూప్ ఫోటో. ఏదో పని కల్పించుకుని వెళ్ళేదాన్ని, మరమ్మతులని స్టేషన్ మూసేదాకా. ఇప్పుడు వెయిటింగ్ రూంలోనే పెట్టారని విన్నాను. ఆ నాలుగు వేళ్ళనీ దగ్గరగా తీసి నాకో కాపీ ఇవ్వమ్మా, చాలు. మంచం పక్కన పెట్టుకుంటాను.

ఇదే గది. అబ్బో, ఫోటోని గోడంత చేశారే. నీళ్ళలో కడిగినట్టు ఎంత తేటగా ఉందో. మాస్టరు బొత్తాలు కూడా లెక్కపెట్టచ్చు. కళ్ళజోడు ఇటివ్వు. ఇదిగో మాస్టరు, ఇదిగో గార్డు టోపీ. వీటి మధ్యలో... నువ్వు చూడమ్మా. నా కళ్ళు సరిగ్గా లేవు. తలుపే ఉందా? పైన చూడు, అంచు మీద. సరిగ్గా చూడు.

ఏం బాబూ, నువ్వేనా ఇక్కడ వాచ్‌మన్? ఈ ఫోటో పాతది ఏమైంది? ఆఁ? చెదలు పట్టిందా. పారేశారా. కంప్యూటర్లో శుభ్రం చేశారు, మరకలన్నీ తీసేశారు. బాగా చేశారు నాయనా. నిన్నెందుకంటాను, చేసింది నువ్వా? ఎవరో కుర్రాడు కూర్చుని, తలుపు మీద మరక ఉందనుకుని తుడిచేసి ఉంటాడు. ఒబ్బిడిగా తుడిచాడు. అక్క నేల అలాగే తుడిచేది.

ఏడవట్లేదులే. ఏమన్నావ్? నన్ను లోపల నిలబడి తలుపు మీద వేళ్ళు పెట్టమంటావా, అలాగే తీస్తావా? నీ మనసు మంచిది. కానీ వద్దు. మా ఇంటి ఆడవాళ్ళు తలుపు వెనక నిలబడింది చాలు. నా వేళ్ళు నావి, అవి ఆమెవి కావు.

ఇటు రా, బయట ప్లాట్‌ఫాం మీదికి. మళ్ళీ గడియ బిగించారు చూశావా, తళతళలాడే ఇత్తడిది. మొదట్లో ఉన్నట్టే ఉండాలటగా. మొదట్లో అంటే ఎప్పుడో వీళ్ళనెవరూ అడగలేదు. ముట్టుకోకూడదా బాబూ? ముట్టుకోనులే, కర్రతో ఎత్తుతున్నాను. అదిగో. అదేనా వస్తోంది, రైలు? ఆగదా ఇక్కడ? ఆగకపోతే మరీ మంచిది, గాలి బాగా వస్తుంది. నువ్వు అటు వెళ్ళి నిలబడు, ఫోటోగ్రాఫరు నిలబడిన చోట. ముందు ఎవరూ వద్దు, నేనూ వద్దు. తలుపొక్కటే.

కిర్రుమంటోంది, విన్నావా. నూనె వేశారు గానీ పోలేదు. తియ్యి తల్లీ, ఇప్పుడు తియ్యి. కదులుతోంది, బొమ్మ చెడిపోతుందా?

చెడనీ.