మా వాడికి కంగారెక్కువ

ఏంటి బాబూ, వచ్చినప్పటి నుంచీ గుమ్మం వైపే చూస్తున్నావు? పిల్లాడు మీ ఆవిడ దగ్గరే ఉన్నాడు కదా? మరింకేం? మీ నాన్నగారు పడుకున్నారా... ఆఁ, అర్థమైందిలే. ఇక్కడుంటే మనసు అక్కడ, అక్కడుంటే మనసు ఇక్కడ. నిన్ను చూస్తుంటే నాకు కంగారు గుర్తొస్తున్నాడయ్యా. కంగారంటే మనిషి. అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు, వీధి పెట్టిన పేరు. నా కుట్టుషాపుకి సరిగ్గా ఎదురుగా వాడి అద్దాల షాపు ఉండేది. కిటికీలకి గాజు పలకలు కోసేవాడు, అద్దాలకి చట్రాలు బిగించేవాడు. కింద షాపు, పైన ఇల్లు. వాడు పోయి చాలా ఏళ్ళైంది పాపం. నాకంటే చిన్నవాడు, "అన్నా, అన్నా" అంటూ నోరారా పిలిచేవాడు. మొదట్లో అందరూ "కంగారు నాయనా" అనేవాళ్ళు, పోను పోను నాయన ఊడిపోయి కంగారు మిగిలింది. వాడూ పలికేవాడులే. ఒకసారి ఎవరో అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని!

నవ్వుతావు గానీ, వాడి బతుకు చూస్తే ఎవడైనా కంగారు పడతాడు. పెళ్ళాం దారం మిల్లులో షిఫ్టు పనికి వెళ్ళేది. కూతురు అప్పుడే బళ్ళో చేరింది. కొడుకు, బుడ్డోడు, ఇంకా అడుగులు నేర్చుకుంటున్నాడు. తల్లి తుంటి విరిగి మంచానికి అంటుకుపోయింది, చూపు కూడా మసక. తండ్రి సంగతి చెప్తానుండు. తెల్లారి లేస్తే వీడికి రెండు చేతులు చాలేవి కావు. తండ్రికి గడ్డం గీస్తుంటే ఒక కన్ను బుడ్డోడి మీద, ఒక చెవి తల్లి మూలుగు మీద, ఇంకో చెవి కింద షాపులో ఎవరైనా వచ్చారా అని. కూతురికి జడ వేస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి. ఆ పిల్ల మా షాపుకొచ్చి, "పెదనాన్నా, పెద్దమ్మని పిలవవా, నాన్న మళ్ళీ జడ పాడుచేశాడు" అనేది. పైగా గాజు పని. పిల్లలున్న ఇంట్లో గాజు పనంటే మాటలా? సాయంత్రం షాపు ఊడ్చేవాడా, తడిగుడ్డ పెట్టేవాడా, అంతటితో ఆగక నేలంతా అరచేత్తో తడిమేవాడు. "ఒరే, చెయ్యి తెగుతుందిరా" అంటే, "నా చెయ్యి తెగితే తెగనీ అన్నా, బుడ్డోడి మోకాలు తెగకపోతే చాలు" అనేవాడు. చేతులు చూడాలి నువ్వు, గీతలే గీతలు. జాతకం చెప్పేవాడు కూడా దండం పెట్టి వెళ్ళిపోతాడు.

ఏమంటున్నాను? ఆఁ, తండ్రి. పెద్దాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మంచి మనిషి, కొండలాంటి మనిషి. వీధిలో పిల్లలందరినీ మెడ మీద ఎక్కించుకు తిప్పినవాడు. వయసు మీదపడ్డాక బుర్ర మెల్లమెల్లగా ఖాళీ అవడం మొదలైంది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు, సరే, మనందరం మర్చిపోతాం. తర్వాత తిన్నాడో లేదో మర్చిపోయాడు. తర్వాత కట్టుకున్నావిడ పేరు. పేర్లు పోయాయి గానీ డ్యూటీ మాత్రం పోలేదు. "టైమైపోయింది, బండి తియ్యాలి, జనం నిలబడి ఉంటారు" అని చొక్కా తిరగేసి తొడుక్కుని మెట్లు దిగేసేవాడు. ఒకరోజు పెద్ద రోడ్డు మధ్యలో చెయ్యి ఎత్తి నిలబడిపోయాడు, ఇటు లారీలు, అటు లారీలు. కంగారు పరిగెత్తుకెళ్ళి పట్టుకొచ్చాడు. ఆ రోజు వాడి ఒళ్ళు ఎలా వణికిందంటే, నా షాపులో కూర్చోబెట్టి నీళ్ళిస్తే గ్లాసు పళ్ళకి కొట్టుకుని టకటకా చప్పుడు.

ఆ మర్నాడు ఆయన గదికి బయట వైపు గడియ బిగించాడు. కింద, మోకాలి ఎత్తులో, పైన చెక్క పుచ్చిపోయిందని. తాను దగ్గర లేనప్పుడు వేసేవాడు. బిగించి నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. "అన్నా, మా నాన్నని గదిలో పెట్టి గడియ వేశానన్నా. ఆయన తిట్టినా బాగుండేది. లోపల్నుంచి ఏమంటున్నాడో తెలుసా? 'ఎవరండీ బయట, గడియ పడిపోయినట్టుంది, కాస్త శ్రమ అనుకోకుండా తీస్తారా' అంటున్నాడు." తప్పంటే నోరు రాదు, ఒప్పంటే మనసు రాదు. "ఏం చేస్తావురా, ముందు నుయ్యి వెనక గొయ్యి" అన్నాను.

ఇంక అసలు సంగతికొస్తున్నా. బడికి సెలవు ఆ రోజు. పెళ్ళాం మిల్లుకి వెళ్ళింది. పక్క వీధిలో ఒకళ్ళింట్లో కిటికీ పగిలింది, వర్షం లోపలికి కొడుతోంది, ఇప్పుడే రావాలని కబురు. కంగారు వెళ్ళలేక వెళ్ళలేక వెళ్ళాడు. బుడ్డోణ్ణి తల్లి పక్కన నిద్రపుచ్చాడు, తండ్రికి గడియ వేశాడు, కూతురితో, "అమ్మా, గడియ ముట్టుకోకు, షాపులోకి దిగకు, నానమ్మ పిలిస్తే నీళ్ళివ్వు, ఇట్టే వస్తా" అన్నాడు. వీధి దాటేలోపు వెనక్కొచ్చి మళ్ళీ అదే చెప్పాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఇక్కడ నా షాపు గుమ్మంలో నిలబడి. తర్వాత బేరం వచ్చింది, కొలతలు తీసుకోవడానికి లోపలికెళ్ళాను.

వాడు తిరిగొచ్చేసరికి మెట్ల మీద రక్తం. చుక్క, చుక్క, చుక్క. పైకి వెళ్తే గడియ తీసి ఉంది. గదిలో తండ్రి లేడు. కూతురు లేదు. తల్లి మంచం మీంచి లేవలేక గోడకేసి చేత్తో కొడుతోంది. "ఒరే, పిల్ల ఏడ్చిందిరా! తర్వాత గడియ తీసిన చప్పుడు. మీ నాన్న పిల్లని ఎత్తుకుని దిగిపోయాడురా! పిలుస్తూనే ఉన్నా, పలకలేదు. నాకేం కనపడలా!" బుడ్డోడు ఆ అరుపులకి లేచి గుక్కపట్టాడు. కంగారు పైనుంచి "అన్నా" అని ఒక కేక వేశాడయ్యా, నా చేతిలో కత్తెర జారిపోయింది. నేనూ మా ఆవిడా పరిగెత్తాం. మా ఆవిడ బుడ్డోణ్ణి చంకనేసుకుని పెద్దావిడ దగ్గర కూర్చుంది. కంగారు మాత్రం కదలడే! మెట్ల మీద కూలబడి ఆ చుక్కలకేసి చూస్తున్నాడు. "ఏం చేశాడన్నా? నాన్న ఏం చేశాడు? పిల్లని ఏం చేశాడు?" అన్నాడు. కన్నతండ్రి మీద అంత మాట నోట వచ్చింది చూడు, దానికి వాడే హడలిపోయాడు. చటుక్కున నోరు మూసుకున్నాడు. "లే, ముందు వెతుకుదాం లే" అని రెక్క పట్టి లేపాను.

చుక్కలు వీధి దాకా ఉన్నాయి, తర్వాత వాన బురదలో కలిసిపోయాయి. డ్రైవరు కదా, డిపోకే వెళ్ళుంటాడని అటు పరిగెత్తాం. వాడు ముందు, నేను వెనక. దారిలో కనపడ్డవాళ్ళందరినీ అడుగుతున్నాడు గానీ, మాట పూర్తి చెయ్యడే! "మా నాన్న... పాప... తెల్లచొక్కా..." అని సగంలో వదిలేసి ఇంకొకళ్ళ దగ్గరకి. వాళ్ళకి నేను వివరం చెప్పాల్సి వచ్చేది. డిపోలో రాలేదన్నారు. వెనక్కొస్తుంటే కాలవ వంతెన. వాడు అక్కడ ఆగిపోయాడు. కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు. వాన నీళ్ళు, ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి. "రారా" అంటే రాడు. కమ్మీ మీంచి చేతులు ఊడదియ్యాల్సి వచ్చింది. నాకు మాత్రం గుండె జారలేదా? జారింది. ఇద్దరం వణికితే ఎలాగని ఒకడు ధైర్యం నటించాలి కదా, ఆ వేషం నాకు పడింది.

మలుపులో తాళాలు బాగుచేసేవాడు ఒకడు కూర్చునేవాడు. వాడు చెప్పాడు. "పెద్దాయనా? పిల్లని ఎత్తుకునా? ఇందాకే వచ్చాడండీ. గుండ్రటి కళ్ళజోడు డాక్టరు ఎక్కడ అని అడిగాడు. ఆ డాక్టరు పోయి ఎన్నేళ్ళైందో! వెనక సందులో కొత్త డాక్టరు ఉన్నాడని చూపించాను." డాక్టరా? ఎవరికి? అప్పటికి కంగారు నా మాట వినే స్థితిలో లేడు, సందులోకి దూసుకుపోయాడు.

వెళ్ళి చూద్దుం కదా, చిన్న గది, బల్ల. బల్ల మీద పెద్దాయన. ఆయన ఒళ్ళో పిల్ల. పిల్ల అరికాలికి తెల్లటి కట్టు. బిస్కెట్టు తింటోంది. అంతే! పైన వంటగదిలో గాజుపెంకు గుచ్చుకుంది. షాపంతా అరచేత్తో తడిమేవాడే, పెంకు ఎలా వెళ్ళిందంటావ్? వాడి చెప్పు అడుగున అంటుకుని వాడితోనే మెట్లెక్కింది! పిల్ల ఏడుస్తుంటే లోపల్నుంచి తాత, "ఎందుకమ్మా ఏడుపు, ఏమైంది తల్లీ, తలుపు తియ్యి" అన్నాడట. అది కుంటుకుంటూ పోయి గడియ లాగింది. ఆయన రక్తం చూశాడు, భుజానికెత్తుకున్నాడు, నడిచాడు. దారి తప్పి తిరిగాడు, అడిగాడు, మళ్ళీ నడిచాడు. పిల్లని మాత్రం ఎక్కడా దించలేదు.

కంగారు ఒక్క అంగలో వెళ్ళి పిల్లని అందుకోబోయాడు. పెద్దాయన గబుక్కున పిల్లని గుండెకి హత్తుకుని, "ఎవరయ్యా నువ్వు? చెయ్యి తియ్యి!" అన్నాడు. "నాన్నా, నేను" అన్నాడు వీడు. "ఎవరైతే నాకేంటి? మా అబ్బాయి వచ్చేదాకా పిల్లని ఎవరికీ ఇవ్వను." పిల్ల నవ్వుతూ, "తాతా, ఈయనే నాన్న" అంది. "నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసమ్మా, లోకంలో ఎలాంటివాళ్ళుంటారో" అన్నాడు. డాక్టరు ఏదో చెప్పబోతే కంగారు చేత్తో ఆపాడు. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

వాడు మెల్లగా వెళ్ళి ఆ బల్ల మీదే, కొంచెం ఎడంగా కూర్చున్నాడయ్యా. పెద్దాయన కాస్త మెత్తబడ్డాడు. "ఏమీ అనుకోకు బాబూ. మా వాడికి కంగారెక్కువ. పిల్ల కనపడకపోతే ఈపాటికి ఏడుస్తూ ఉంటాడు. చిన్నప్పుడూ అంతే. నేను బండెక్కి వెళ్తుంటే వాకిట్లో నిలబడి, 'నాన్నా, తిరిగొస్తావా' అని అడిగేవాడు. రోజూ అదే ప్రశ్న. నవ్వొచ్చేది. రాక ఎక్కడికి పోతానురా అనేవాణ్ణి. కానీ వాడలా అడిగాడు కాబట్టే బండి నెమ్మదిగా తోలేవాణ్ణి బాబూ." ఇంకెవరో వింటున్నట్టు గొంతు తగ్గించి చెప్తున్నాడు. వీడు తల వంచుకుని కూర్చున్నాడు.

తర్వాత వీడు గొంతు సవరించుకుని, "అయ్యా, మీ అబ్బాయే నన్ను పంపించాడండీ" అన్నాడు. విన్నావా? మాటలొచ్చినప్పటి నుంచీ "నువ్వు నాన్నా" అన్న నోటితో "మీరు" అన్నాడు. "మిమ్మల్నీ పాపనీ జాగ్రత్తగా తీసుకురమ్మన్నాడు." పెద్దాయన కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "పంపించాడా? మరి వాడే రాలేదేం?" అని. ఇదేమో చిక్కు ప్రశ్న! వీడు, "కంగారులో కాళ్ళాడట్లేదండీ, మెట్ల మీద కూలబడ్డాడు" అన్నాడు. అది అబద్ధం కూడా కాదు కదా! పెద్దాయన ముఖం విప్పారింది. "హమ్మయ్య! అయితే మావాడే! పద, పద, పాపం వాడెంత హైరానా పడుతున్నాడో" అని లేచాడు. పిల్లని మాత్రం ఇవ్వలేదు. దారంతా తనే మోశాడు. వీడు వెనకాల, చేతులు చాపుకుని, ఎక్కడ తూలితే అక్కడ పట్టుకుందామని. ఇంటికొచ్చాక, మా వాడేడీ అంటాడేమోనని భయపడ్డాం. అనలేదు, మంచం చూడగానే పడుకున్నాడు. వీడు స్క్రూడ్రైవరు తెచ్చి గడియ పీకేశాడు.

పీకేస్తే మరి ఎలాగంటావా? ఆయన్ని షాపులోకి దింపేశాడు. తన బల్ల ఎదురుగా, గాజుకి దూరంగా, కంటికి ఆనేచోట కుర్చీ వేశాడు. పెళ్ళాం మిల్లులో మాట్లాడి షిఫ్టు మార్పించుకుంది, మధ్యాహ్నాలు మా ఆవిడ పైన పెద్దావిడకి తోడు కూర్చునేది. కంగారు తగ్గిందా అంటే, తగ్గలేదు నాయనా, పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది? కానీ పెద్దాయన రోజంతా, "మా అబ్బాయి రాలేదా?" అని అడిగేవాడు, వీడు గాజు మీద గీత గీస్తూనే, "వస్తున్నాడండీ, దార్లో ఉన్నాడు" అనేవాడు. విసుక్కోగా నేనెప్పుడూ వినలేదు. "నువ్వే కొడుకువని చెప్పరాదట్రా?" అన్నానొకసారి. "చెప్తే నమ్మడన్నా, పైగా భయపడతాడు. వస్తున్నాడంటే సంతోషిస్తాడు" అన్నాడు. లోపల మాత్రం వాడికీ ఉండేది, ఒక్కసారి గుర్తుపడితే బాగుండునని. నాకు తెలీదా?

పెద్దాయన పోయే ముందు ఒకరోజు... వాన వెలిసింది అప్పుడే, నేను వాళ్ళ షాపులోనే ఉన్నాను. బుడ్డోడు అప్పటికి బాగా నడుస్తున్నాడు. తల్లి చేయి వదిలించుకుని వచ్చి తాత మోకాళ్ళు పట్టుకున్నాడు. పెద్దాయన వాడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని అలా చూసి చూసి, "వచ్చావురా? ఇంతసేపు ఎక్కడున్నావు? నేను రానేమోనని భయపడ్డావా?" అన్నాడు. బుడ్డోడికేం తెలుసు, కిలకిలా నవ్వాడు. బల్ల దగ్గర కంగారు చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తలేదు వాడు. అక్కడి నుంచే, "లేదు నాన్నా," అన్నాడు, "భయపడలేదు."

...

ఊఁ? ఏం లేదు. ఎండొచ్చేసింది, ఆ కుర్చీ కాస్త లోపలికి జరుపుకో బాబూ.