సున్నపు గీతల్లో కాపురం

పెద్దలకు, అమ్మలకు, అన్నలకు, ముందు వరుసలో కూర్చున్న కౌన్సిలర్లకు నమస్కారం. మా పెదమావయ్య, మీరంతా సున్నం మేస్త్రి అని పిలుచుకున్న మనిషి, మనల్ని వదిలి వెళ్లిపోయాడు. ఆయన గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కాగితం మీద రాసుకొచ్చాను. నా రాత నాకే అర్థం కావడం లేదు. మధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి.

నేను కాపురానికి వచ్చినప్పుడు మా ఇంట్లో ఒకటే గది. అత్తయ్య, మావయ్య, ఇద్దరు ఆడపడుచులు, మేమిద్దరం. మా ఆయనతో గుసగుసలాడినా ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవారు. అద్దె పెరిగేది, గది పెరిగేది కాదు.

ఒక సాయంత్రం పెదమావయ్య బస్సుల షెడ్డు వెనక మునిసిపాలిటీ ఖాళీ స్థలంలో సున్నం పొడితో గీతలు గీశాడు. పునాది తవ్వే ముందు మేస్త్రీలు పెట్టే గుర్తులే అవి. తవ్వేవాళ్లు లేరు, ఇటుక లేదు. నన్ను పిలిచి, "ఇది నీ గది కోడలా, వెళ్లి కూర్చో" అన్నాడు. నేనూ మా ఆయనా వెళ్లి కూర్చున్నాం. చుట్టూ నాలుగు గీతలు, పైన ఆకాశం. ఎంతసేపు మాట్లాడుకున్నామో తెలియదు. అత్తయ్య వచ్చి గీత దగ్గరే ఆగిపోయి, "లోపలికి రావచ్చా తల్లీ?" అంది. అంతకుముందు ఎప్పుడైనా అలా అడిగిందా? అడగడానికి తలుపంటూ ఉంటే కదా!

తర్వాత ఆదివారాలు వీధంతా అక్కడే. ఇంటింటికీ గదులు, వంటగది, తలుపుకి సందు వదిలి గీసేవాడు పెదమావయ్య. దర్జీగారి భార్య ఒకసారి మా ఇంట్లోకి గీత దాటి వచ్చేసింది. "ఏంటమ్మా, గోడలోంచి దూరి వస్తున్నావు?" అని పెదమావయ్య కసిరాడు. పాపం, ఆవిడ వెనక్కి వెళ్లి, కాళ్లు దులుపుకుని, తలుపులోంచి వచ్చింది. ఎవరమైనా నవ్వామా? లేదు. అప్పటికే మనం ఆ ఇళ్లలో కాపురాలు పెట్టేశాం.

వానకు ఇళ్లు కరిగిపోయేవి. ఆయన మళ్లీ గీసేవాడు. గీస్తూ చెప్పేవాడు. "నేల ఊరిదిగా ఉండాలి, ఇల్లు ఉండేవాళ్లది కావాలి. వెళ్లిపోయేవాళ్లు సంఘానికి అప్పగించి వెళ్లాలి, లాభానికి అమ్ముకోకూడదు. అద్దె మన జీతం చూసి పెరగాలి, పక్క మేడను చూసి కాదు. తాళం వేసి ఉంచిన ఇంటికి పన్ను రెట్టింపు చెయ్యండి, తాళాలు వాటంతటవే ఊడతాయి." అప్పుడు అవి కలలో మాటల్లా ఉండేవి.

మంచం పట్టాక ఒకరోజు నన్ను పిలిచి, "నిద్రలో మీ ఇంటికి వచ్చాను. వంటగదిలో వెలుతురు చాల్లేదు, కిటికీ తూర్పుకి తిప్పమను" అన్నాడు. మా ఆయన వెళ్లి ఆ గీత చెరిపి, తూర్పు వైపు మళ్లీ గీసి వచ్చి చెప్పాడు. ఆ మాట విని పెదమావయ్య హాయిగా కళ్లు మూసుకున్నాడు.

అయ్యా, అమ్మా, సోమవారం కౌన్సిల్లో ఓటు ఉంది. షెడ్డు వెనక ఆ స్థలం వేలం వెయ్యాలా, మనం పెట్టుకున్న ఇళ్ల సంఘానికి ఇవ్వాలా అని. వేలం వేస్తే మనం ఈ ఊళ్లో ఉండగలమా? ఆ రోజు నాలాంటివాళ్లకి మాట పెగలదు. కానీ వచ్చి ఆ హాలు నిండా నిలబడగలం.

అందుకే అందరూ లేవండి. కౌన్సిలర్లు కూడా లేచి, దయచేసి ఒక్కసారి మా వైపు తిరగండి. పెదమావయ్య కోసం కాసేపు ఎవరమూ మాట్లాడొద్దు. సోమవారం ఎలా నిలబడాలో, ఇప్పుడు అలాగే నిలబడదాం.