రావడం బ్యాలెన్స్ ఉంది

సభకు అధ్యక్షత వహించిన మా గురువుగారు అచ్యుతరామయ్య గారికి, వేదిక మీద ఉన్న రిజిస్ట్రార్ శశిభూషణ్ గారికి, ఈ సభ వద్దని నేను ఎంత మొత్తుకున్నా వినకుండా బ్యానరు కొట్టించిన నా స్నేహితురాలు వేదవతికి, మా ఇంగ్లీషు శాఖ మిత్రులకు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటూ మధ్యమధ్యలో నా వైపు కూడా చూస్తున్న విద్యార్థులకు, ముందు వరసలో కూర్చుని నా కుచ్చిళ్ళు సరిగ్గా లేవని ఇందాకటి నుంచీ సైగ చేస్తున్న మా అమ్మ ఈశ్వరమ్మ గారికి నమస్కారం. (నవ్వులు)

మాస్టారు ఇందాక నా గురించి ఒక మాట అన్నారు. "సుధామయి ఏ వాక్యమూ బహుశా లేకుండా మొదలుపెట్టదు, పరీక్ష పేపర్లో కూడా అంతే" అని. బహుశా అది నిజమే. (నవ్వులు) ఆటో ఎక్కాక గ్యాసు కట్టేశానో లేదో అని దిగిపోయే మనిషిని నేను. మా ఆయన గిరీష్ ఈ హాల్లోనే ఎక్కడో ఉన్నాడు, కావాలంటే అడగండి. "నాకు వంట వచ్చు, నీకు డౌటు వచ్చు, సంసారానికి ఇంకేం కావాలి" అంటాడు.

అందుకే ఒక ఇబ్బందికరమైన సంగతి ముందే చెప్పేస్తాను. మీరు శాలువా కప్పారు, దండ వేశారు, నేను ఎంత గొప్పదాన్నో నాకే కొత్తగా తెలిసేటట్టు మాట్లాడారు. కానీ నేను వెళ్తున్నానని శశిభూషణ్ గారికి ఇంకా ఖాయంగా చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఏడాది సెలవు పెట్టి, ఉజ్బెకిస్తాన్‌లో ఫెర్గానా అనే పట్టణానికి వెళ్ళి, అక్కడ స్కూలు టీచర్లు కాబోయే వాళ్ళకు ఇంగ్లీషు నేర్పి వచ్చానని మీకు తెలుసు. ఇప్పుడు వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. మన నిబంధనల్లో రెండోసారి సెలవు లేదు, వెళ్ళాలంటే ఉద్యోగం వదులుకోవాలి. రాజీనామా ఇచ్చాను. ఇచ్చిన మర్నాటి నుంచి నిద్ర లేదు. నిన్న కారిడార్లో సార్ నన్ను ఆపి, "మేడమ్, మీ ఫైలు కదపమంటారా, ఆపమంటారా?" అని అడిగారు. "సభ అయ్యాక చెబుతాను సార్" అన్నాను. ఇంకా వెళ్ళని మనిషికి వీడ్కోలు సభ జరగనిచ్చిన ఆయన ఓర్పుకు నా ప్రత్యేక కృతజ్ఞతలు. (నవ్వులు)

ఈ ఉద్యోగం ఊరికే రాలేదు. కాంట్రాక్టు లెక్చరర్‌గా ఎన్నేళ్ళు గడిపానో మీలో చాలామందికి తెలుసు, ఎందుకంటే మీరూ అక్కడే, అదే విరిగిన కుర్చీల గదిలో గడిపారు. రెగ్యులర్ అయిన రోజు మా అమ్మ అంబర్‌పేట్‌లో మా వీధి వీధంతా లడ్డూలు పంచింది. కడప జిల్లాలో తెలుగు మీడియం బడిలో మొదలై, అంబర్‌పేట్‌లో బస్సు మారి, తార్నాకలో దిగిన ఇంగ్లీషు నాది. దాన్ని పట్టుకుని ఈ క్యాంపస్‌లో ఒక గది, ఆ గది తలుపు మీద ఒక పేరు సంపాదించుకున్నాను. ఇప్పుడు ఆ పేరుపలకను నా చేతులతోనే ఊడదీసుకోవాలి.

దేనికోసం? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. తార్నాకలో మా ఫ్లాటు కింద ముఖేష్ అనే కుర్రాడు స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ నడిపేవాడు. ఫెర్గానా నుంచి తిరిగొచ్చి చూద్దును కదా, ఆ బోర్డు తీసేసి ఏఐ కోర్సుల బోర్డు పెట్టాడు. మొన్న మెట్ల దగ్గర కనిపించి, "ఏంది మేడం, మల్ల పోతున్నరట?" అన్నాడు. ఆలోచిస్తున్నానన్నాను. "గాడ ఫోన్లు లెవ్వా? గీడ పోరగాండ్లకు ఫోనే చెప్తున్నది ఇంగ్లీషు. నా దందానే బంద్ అయింది, మీరు గంత దూరం పోయి ఏం నేర్పుతరు?" అన్నాడు. అతను వెటకారానికి అనలేదు. నిజంగానే నా గురించి బెంగపడ్డాడు.

వేదవతి మాత్రం వెటకారానికే అంది. (నవ్వులు) "ఏమోనే సుధా, చెవిలో పెట్టుకుంటే అదే అనువాదం చేసేస్తోంది. ఉన్న ఉద్యోగం ఒదులుకుని అంత దూరం వెళ్ళి ప్రెజెంట్ పర్ఫెక్ట్ చెబుతానంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు" అంది. మా అమ్మది ఇంకా సూటి ప్రశ్న. "వాళ్లకి ఇంగ్లీషు రాకపోతే నీకేమాయెనే?"

వీళ్ళు ముగ్గురూ చెప్పినదాంట్లో చాలా భాగం నిజం. బస్సు టికెట్టుకు ఫోను చాలు. ఆసుపత్రిలో ఎక్కడ నొప్పో చెప్పడానికి ఫోను చాలు, నాకంటే బాగా చెబుతుంది కూడా. అక్కడి బజారులో నా దగ్గర ఫోను లేని రోజు ఏం జరిగిందో చెప్పనా? హైదరాబాదులో నేర్చిన ఉర్దూ ధైర్యంతో, అక్కడ కితాబుకూ బజారుకూ దునియాకూ మన మాటల్లాంటివే వాడతారని తెలిసిన సంతోషంతో, కూరగాయలావిడ దగ్గరికి వెళ్ళి "సబ్జీ, సబ్జీ" అని దర్జాగా అడిగాను. ఆవిడ సంచి నిండా క్యారెట్లు పోసింది. వాళ్ళ భాషలో సబ్జీ అంటే క్యారెట్టు. వారం రోజులు క్యారెట్ కూర, క్యారెట్ పచ్చడి, క్యారెట్ అన్నం తిన్నాను. (నవ్వులు) కాబట్టి ఫోను మీద నాకు కోపమేమీ లేదు.

అయితే ఒక వాక్యం సంగతి మీకు చెప్పాలి.

చిన్నప్పుడు బడికి వెళ్తూ గుమ్మంలోంచి "అమ్మా, పోతున్నా" అంటే మా అమ్మ ఊరుకునేది కాదు. వీధి మలుపు దాకా వెళ్ళినా సరే వెనక్కి పిలిచేది. "పోతా అనగాకు, పొయ్యొస్తా అను" అనేది. అది అన్నాకే వదిలేది. మనందరి ఇళ్ళలోనూ అంతే కదా. అందుకే మన పిల్లలు ఇంగ్లీషులో కూడా "ఐ విల్ గో అండ్ కమ్" అంటారు. అది తప్పు వాక్యమని, ఇంగ్లీషు వాళ్ళు అలా అనరని, ఇన్నేళ్ళూ ఇదే క్యాంపస్‌లో ఎర్ర సిరాతో దాని కింద గీతలు గీస్తూ వచ్చాను. ఈ హాల్లో ఆ గీత తగలని నా విద్యార్థి ఎవరైనా ఉంటే చెయ్యి ఎత్తండి. (నవ్వులు) చూశారా, ఒక్కరూ లేరు.

ఫెర్గానాలో నా క్లాసులో దిల్‌నొజా అనే అమ్మాయి ఉండేది. పల్లె నుంచి వచ్చేది, తన ఊరి బడిలోనే టీచరు కావాలని ఆశ. సంవత్సరం చివర మాట్లాడే పరీక్ష పెట్టడానికి రాజధాని నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చాడు. పుట్టుకతోనే ఇంగ్లీషు వచ్చిన మనిషి. నేను గది చివర కూర్చున్నాను. దిల్‌నొజా చక్కగా జవాబులు చెప్పింది. అంతా అయ్యాక లేచి, వాళ్ళ పద్ధతి ప్రకారం గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఐ విల్ గో అండ్ కమ్" అంది. ఆయన, "ఎక్కడికి? మళ్ళీ ఎప్పుడు వస్తావు?" అని అడిగాడు. ఆ పిల్ల ఇదింకో ప్రశ్న అనుకుని మళ్ళీ కూర్చుంది. (నవ్వులు) తరువాత ఆయన నా వైపు తిరిగి, మర్యాదగానే, "ఇది ఎవరు నేర్పారు?" అన్నాడు.

నా పై ప్రాణం పైనే పోయింది. నేనే నేర్పి ఉంటాననుకున్నాను. క్లాసు వదిలేటప్పుడు ఏ పరధ్యానంలోనో నా నోటి నుంచి కడప జారి ఉంటుంది, అది ఈ పిల్లల నోళ్ళలో పడి ఉంటుంది అనుకున్నాను. ఈ ఫెర్గానా ఉద్యోగానికి మొదటిసారి ఇంటర్వ్యూ చేసినప్పుడు "మీరు నేటివ్ స్పీకరా?" అని అడిగితే "అవును, తెలుగుకు" అన్నదాన్ని, ఆ పొగరంతా ఆ మధ్యాహ్నం దిగిపోయింది.

మర్నాడు క్లాసులో దిల్‌నొజాను అడిగాను, ఈ మాట నా దగ్గర విన్నావా అని. "లేదు మేడమ్, ఇది మాదే" అంది. ఇంట్లోంచి కదిలేటప్పుడు వాళ్ళూ ఉత్త "వెళ్తాను" అనరట. "బొరిబ్ కెలామన్" అంటారట. బోర్డు మీద రాయమన్నాను. బొరిబ్ అంటే వెళ్ళి. కెలామన్ అంటే వస్తాను. మాటకు మాట, వరసకు వరస, చివర్లో "ను" ఉన్నచోట వాళ్ళకు "మన్" ఉంది. దాని కింద నేను తెలుగులో "వెళ్ళి వస్తాను" అని రాసి ఒక్కో ముక్కా విప్పి చూపించాను. మూడో వరసలో ఇంగ్లీషు వాక్యం రాశాను. క్లాసంతా ఆ మూడు వరసలనూ చూస్తూ కూర్చుంది. వెనక నుంచి ఒక అబ్బాయి, "పాపం ఇంగ్లీషు, వెళ్ళడమే తెలుసు" అన్నాడు. (నవ్వులు, చప్పట్లు)

ఆ చప్పట్లు వాడికి చేరవేస్తాను.

ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతవరకూ ఏ శాలువా కప్పినప్పుడూ కలగలేదు, మీరు ఏమీ అనుకోకండి. దిల్‌నొజా ఎక్కడ కాలు జారిందో ఆ ఎగ్జామినర్‌కు కనిపించింది. ఎందుకు జారిందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అక్కడే జారాను, నా విద్యార్థులూ అక్కడే జారారు. ఫోను ఏం చేస్తుంది? ఆ వాక్యాన్ని చక్కగా దిద్ది అవతలివాళ్ళ చెవిలో వేస్తుంది. దిద్దే చోట ఒక మనిషి తిరిగొస్తానని ఇచ్చిన మాట రాలిపోతుంది. రాలిందని చెప్పినవాళ్ళకూ తెలియదు, విన్నవాళ్ళకూ తెలియదు. అది తెలియాలంటే రెండు భాషలూ ఒకే నోట్లో ఇబ్బంది పడాలి. ఆ ఇబ్బంది పడినవాళ్ళే దాన్ని ఇంకొకరికి నేర్పగలరు. ముఖేష్ అడిగిన "ఏం నేర్పుతరు"కు నా జవాబు ఇది. ఇది ఎంతకాలం నిలిచే జవాబో నాకు తెలియదు. పదేళ్ళ తరువాత ఫోనుకు ఇది కూడా వస్తుందేమో. వస్తే రానీ. అప్పటిదాకా పని ఉంది.

(మంచినీళ్ళు తాగి)

ఫెర్గానా నుంచి బయలుదేరే రోజు బస్సు దగ్గరికి పిల్లలందరూ వచ్చారు. ఏమని చెప్పాలో తోచక, తెలిసి తెలిసి, ఎర్ర సిరా పెన్ను హ్యాండ్‌బ్యాగులో ఉండగానే, "ఐ విల్ గో అండ్ కమ్" అన్నాను. అందరం నవ్వుకున్నాం. నాకది ఆ రోజుకు సరిపడే జోకు, అంతే.

దిల్‌నొజా ఇప్పుడు తన ఊరి బడిలో టీచరు. కిందటి ఆదివారం నేను తార్నాకలో మా వంటింట్లో ఉండగా వీడియో కాల్ చేసింది. వెనక వాళ్ళ క్లాసు పిల్లలు తోసుకుంటున్నారు. మళ్ళీ రమ్మన్నారట కదా, ఎప్పుడు వస్తారు అని అడిగింది. నేను నా ధోరణిలో బహుశా అనీ, చూడాలి అనీ, ఉద్యోగం సంగతి అనీ ఏదో చెబుతున్నాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "మేడమ్, మీరు గో అయ్యారు. కమ్ బ్యాలెన్స్ ఉంది" అంది.

బ్యాలెన్స్. ఆ మాట మాత్రం ఖచ్చితంగా నేను నేర్పిందే. ప్రపంచంలో ఇంకే ఇంగ్లీషు టీచరూ ఆ పిల్లకు ఆ మాటను అలా వాడటం నేర్పి ఉండదు. పాఠం బ్యాలెన్స్ ఉంది, సంతకం బ్యాలెన్స్ ఉంది అని మనం ఈ కారిడార్లలో రోజూ అనేదే. ఫెర్గానా లోయలో ఒక పల్లె బడిలో తార్నాక ఇంగ్లీషు వినిపిస్తోందంటే, వేదా, నువ్వు నవ్వొచ్చు, ఏడవనక్కర్లేదు. (నవ్వులు)

ఫోను పెట్టేశాక అర్థమైంది. నేను జోకు అనుకున్నదాన్ని వాళ్ళు మాట అనుకున్నారు. మా అమ్మ కూడా ఎప్పుడూ దాన్ని మాటగానే తీసుకుంది, అందుకే వీధి మలుపు నుంచి వెనక్కి పిలిచేది. వాళ్లకి ఇంగ్లీషు రాకపోతే నాకేమాయె అన్నావు కదమ్మా. పొయ్యొస్తా అని చెప్పొచ్చాను. అదీ సంగతి. నేర్పింది నువ్వే, నన్ను అనగాకు.

శశిభూషణ్ గారూ, ఫైలు కదపండి సార్. బహుశా లేకుండా చెబుతున్నాను. మాస్టారు సాక్షి. (చప్పట్లు)

ఈ క్యాంపస్ నాకు చాలా ఇచ్చింది. మాస్టారి పాఠాలు, వేదవతి టిఫిను డబ్బాలో సగం వాటా, సాయంత్రాలు అడిక్‌మెట్ వైపు నడక, నా గీతలను భరించిన విద్యార్థులు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ పేపర్లలో ఆ ఒక్క వాక్యం కింద గీసిన గీతలు మాత్రం ఇవాళ్టితో కొట్టివేస్తున్నాను, మార్కులు ఎలాగూ మారవు. (నవ్వులు) ఈ ఉద్యోగంలోకి నేను తిరిగి రాలేను, నిబంధన ఒప్పుకోదు. అయినా మా అమ్మ ముందు వరసలో కూర్చుని ఉండగా ఉత్త సెలవు అని దిగిపోయే ధైర్యం నాకు లేదు, వెనక్కి పిలుస్తుంది. అందుకని మీ దగ్గర సెలవు తీసుకుంటూ, మా ఇంటి పద్ధతిలోనే చెబుతున్నాను.

పొయ్యొస్తా.