సగంలో ఆగిన గీత

1971 జూలై మూడవ తేదీన అమలాపురంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రోడ్ల శాఖలో ప్రవేశించిన శ్రీ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు, ముప్పైనాలుగేళ్ల సేవానంతరం ఈ ఆగస్టు నెలాఖరున అసిస్టెంట్ ఇంజనీరుగా పదవీ విరమణ చేస్తున్నారు.

రాజోలులో ఉన్నా, కొత్తపేటలో ఉన్నా, రోడ్డు పనిలో ఎవరికీ పట్టని తెల్లగీతలే వారికి పట్టాయి. "సున్నాల మేస్త్రిగారు" అని వెనకాల నవ్వుకున్నవారు ఈ సన్మాన సంచికలో వ్యాసాలు రాసినవారిలోనూ ఉన్నారు. రావు గారికి ఆ సంగతి తెలుసు. తెలిసీ టీ ఇప్పించేవారు.

1998 వేసవిలో, ఏ పెయింటు ఎంతకాలం నిలుస్తుందో, ఖర్చుకు ఏది గిట్టుబాటో తేల్చమని పైనుంచి ఆదేశం వచ్చింది. డబ్బా తెరిచి పూసే మామూలు పెయింటు చవక; కరిగించి పోసి, గాజుపూసలు చల్లే వేడి పెయింటు దానికి నాలుగైదు రెట్లు. ఒకే ఎండ, ఒకే రద్దీ ఉంటేనే పోలిక న్యాయమని భావించి, వారు ఓడలరేవు దారిలో కాలువ పక్క మలుపును ఎంచుకున్నారు. సగం వరకు వేడి పెయింటు, తక్కిన సగం మామూలుది. పద్ధతిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

రైతులు ఆ గీతల మీదే ధాన్యం ఆరబోసి పారలతో ఎత్తుకున్నారు. ఆపై వానలు పట్టుకున్నాయి. కార్తీకానికి మామూలు గీత చెరిగిపోయింది, వేడి గీత దీపం పడితే చాలు మెరుస్తోంది. ఫలితం తేలిందని రావు గారు సంతోషించారు.

ఆ వారంలోనే, వానలో చీకటి పడుతుండగా, గంగబాబు అనే ఆటో డ్రైవరు మెరిసే గీతను పట్టుకుని వచ్చి, అది ఆగినచోట మలుపూ అయిపోయిందనుకుని, తిన్నగా కాలువలోకి వెళ్లిపోయారు. మర్నాడు గట్టు మీద శవం పక్కన కూర్చున్న భార్య అమ్ములు, రావు గారిని ఒక్కటే అడిగింది.

"ఆ గీతుంటే భయం లేదే అనేవోరండి. సగంలో ఎందుకాపేసేరండి?"

వాన తెరిపి ఇవ్వగానే రావు గారు ఆ తక్కిన సగానికీ వేడి పెయింటే వేయించారు.

వేడి పెయింటే మేలని వారిచ్చిన నివేదిక ఆమోదం పొందింది, ఆఫీసులో మిఠాయిలు పంచారు. రావు గారు ముట్టలేదు. అటుపైన ఏ మలుపులోనూ గీత సగంలో ఉండగా పని ఆపనివ్వలేదు. ఏటా వానాకాలమంతా బస్సు ముందుగానే దిగి, ఆ మలుపు వెంట గీతను చూసుకుంటూ ఇంటికి నడిచేవారు.

"గీత బాగానే ఉందంటున్నారు కదండీ, ఇంక బస్సులోనే వచ్చెయ్యండి" అనేవారు శ్రీమతి పార్వతి గారు.

"బాగానే ఉంది పార్వతీ" అనేవారు. మర్నాడు మళ్లీ అక్కడే దిగేవారు.

సన్మానం ముగిశాక కారు ఆ దారినే వెళ్లాలి. మెడలో దండతో, పార్వతి గారి పక్కన, ఆ మలుపు ఎప్పుడు దాటిందో తెలియనంత నిద్రలో వారు ఇల్లు చేరాలని, అటువంటి నిద్రనిచ్చే ఆరోగ్యమూ దీర్ఘాయుష్షూ వారికి కలగాలని సహోద్యోగులందరూ మనసారా కోరుకుంటున్నారు.