పొడి గొట్టాలను తడిపినందుకు

పనిచోట నన్ను పొరలమ్మ అంటారు. జీవకణాల పైపొరల మీద పరిశోధన నా పని. వయసు నలభై నాలుగు. కార్బన్ నానో గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టరుగారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

ఈ గొట్టాలు వెంట్రుకలో వెయ్యో వంతు సన్నం. వీటివల్ల హాని లేదని మా డైరెక్టరుగారి పరీక్షలో తేలింది. ఆ పరీక్ష అబద్ధం కాదు. కానీ పొడి గొట్టాలు ఉండలు కడతాయని, ల్యాబుల్లో అందరూ చేసేట్టే, వాటిని సబ్బునీళ్లలో వేసి ధ్వని తరంగాలతో విడగొట్టాక పరీక్షించారు. అలా విడగొడితే అవి ముక్కలవుతాయి. పొట్టి ముక్కనైతే కణం తన పొరలో చుట్టుకుని మింగి, మూతి మూసుకుంటుంది. ప్యాకింగు గదిలో ఎగిరేవి పొట్టివి కావు, తడిసినవీ కావు.

సోమవారం ఆ గది కిటికీ మీద పేరుకున్న నల్లపొడి తెచ్చి, ముక్కలు చేయకుండా ఊపిరితిత్తుల కణాల మీద వేశాను. ఒక కణం ఒక గొట్టాన్ని కొసనుంచి మింగడం మొదలుపెట్టింది. మింగుతూనే ఉంది. రెండో కొస బయటే ఉంది. మూతి మూసుకోలేకపోయింది. అయినా మింగుతూనే ఉంది. ఆ రోజు నేను భోజనానికి లేవలేదు.

గాజుపలక మీద జరిగింది మనిషి ఛాతీలోనూ జరుగుతుందా? నాకు తెలియదు. డైరెక్టరుగారికీ తెలియదు. తెలియదని నేనంటాను, ఆయన అనరు. నేను చూసింది చెబితే, ఆర్డరు వెళ్లిపోయాక తీరిగ్గా చూద్దాం లేమ్మా అన్నారు.

ప్యాకింగు గదిలో పని చేసేవాళ్లలో మా ఆడపడుచు ఒకతె. చెబితే నవ్వింది. “మీ కణానికి మింగుడుపడకపోతే నాకేంటి వదినా? మూతికి గుడ్డ కట్టుకుంటున్నాగా” అంది. ఆ గుడ్డ నేత సందుల్లోంచి ఈ గొట్టాలు గుంపులు గుంపులుగా దూరిపోతాయి.

బుధవారం ఉదయం పదింటికి, ప్యాకింగు మొదలయ్యే ముందు, నేల కడిగే పైపు తీసుకుని గొట్టాల పొడి ఉన్న డ్రమ్ములన్నిటిలోకీ సన్నధారగా నీళ్లు వదిలాను. తడిస్తే ఎగరవు. సరుకు పాడైన మాట నిజమే. ఆడపడుచు పైపు లాక్కోబోయింది. “మా పొట్ట కొట్టడానికేనా వదినా, ఇంత చదివింది?” అంది. నేను పైపు వదల్లేదు.

చెయ్యి జారి పైపు డ్రమ్ముల్లో పడిందని చెబితే డైరెక్టరుగారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట. ఉద్యోగమూ ఉంటుందట. ఇన్‌స్పెక్టరుగారు మంచి మనసుతోనే, “అలాగే రాసుకుంటాను మేడమ్, ఇంటికెళ్లండి” అన్నారు. నేనొప్పుకోలేదు. పొరపాటే అయితే రేపు కొత్త డ్రమ్ములు తెరుస్తారు. కావాలని చేశానంటే, ఎందుకు చేశావని కోర్టు అడగక తప్పదు. అడగాలి. జైలుకు భయం లేదని అనను. భయమే. అయినా కావాలనే చేశాను.

రాసింది నాకు చదివి వినిపించారు. ఒకచోట ‘పొరపాటున’ అని ఉంటే కొట్టేయించి, ‘తెలిసే’ అని నా చేత్తో రాశాను. మిగతా ప్రతి మాటా నాదే, నిజమే.

సంతకాలు: కొట్టివేత పక్కన ఒకటి, ఇక్కడ ఒకటి.